ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫైలింగ్ బయటకి ఇవ్వాలా, మనమే చేసుకోవాలా? (రాయగడ)

రాయగడ_లెడ్జర్
మాది రాయగడలో ఒక ప్రైవేట్ లిమిటెడ్. పేపరు మిల్లుకి కర్ర తోలడం, రెండు గోడౌన్లు, ఒక ప్యాకింగ్ యూనిట్. టర్నోవర్ 40 కోట్ల లోపే. పోయిన ఏడాది అప్పు లిమిట్ పెంచమని బ్యాంకుకి వెళ్తే, ప్రమోటర్లు కంపెనీకి ఇచ్చిన అప్పుని షేర్లుగా మార్చుకుని రండి అన్నారు. మార్చాం. పెయిడప్ క్యాపిటల్ (షేర్ల ముఖ విలువ మీద కట్టిన మూలధనం) 3.5 కోట్ల నుంచి 5.5 కోట్లకి వెళ్ళింది. లిమిట్ వచ్చింది, అందరం సంతోషం. ఇప్పుడు ఆడిట్ అంతా అయ్యాక ఆడిటర్ గారు నింపాదిగా చెప్తున్నారు, "ఈసారి మీది మామూలు ఏఓసీ-4 కాదు, ఎక్స్‌బీఆర్‌ఎల్" అని. అంటే ఏటా కంపెనీ వ్యవహారాల శాఖకి (ఎంసీఏ) లెక్కలు పంపే ఏఓసీ-4 ఫారాన్నే, ప్రతి పద్దుకీ ట్యాగు పెట్టి కంప్యూటర్ చదివే ఫైలుగా పంపాలట. ఆయన ఆఫీసులో ఆ పని చేసేవాళ్ళు లేరట. ఎవరిచేతైనా చేయించుకోమన్నారు.

కొటేషన్లు తెప్పించాను. విశాఖ ఫర్మ్ ఒకటి 18,000 అంది. హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో చేసేవాళ్ళు 7,500, జీఎస్టీ అదనం. మా ఓనర్ గారేమో "ముగ్గురు అకౌంటెంట్లకి జీతాలిస్తున్నాను, ఇంకా బయటవాడెందుకు" అంటున్నారు. ఆ ముగ్గురిలో ఒకరు బిల్లింగ్, ఒకరు బ్యాంకు పనులు. మిగిలింది నేను. ఎవరి మెడకి చుట్టుకుంటుందో అర్థమయింది కదా.

ఈ నెలాఖరుకి ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం). బయటకి ఇచ్చినవాళ్ళు, సొంతంగా చేసుకున్నవాళ్ళు, ఇద్దరూ చెప్పండి.

బొబ్బిలి_బాబ్జీ
లిమిట్ వచ్చినప్పుడు స్వీట్లు పంచే ఉంటారు. ఎక్స్‌బీఆర్‌ఎల్ వచ్చినందుకు కూడా పంచాలి మరి.

పద్దుల_పంతులు
బరంపురంలో ప్రాక్టీసు నాది. ముందు మీకు నిజంగా వర్తిస్తుందా లేదా చూసుకుందాం, చాలామంది అక్కడే పొరబడతారు. 2015 రూల్స్ ప్రకారం స్టాక్ ఎక్స్చేంజిలో లిస్టయిన కంపెనీ గానీ దాని ఇండియన్ సబ్సిడరీ గానీ అయితే ఎక్స్‌బీఆర్‌ఎల్. పెయిడప్ క్యాపిటల్ 5 కోట్లు లేదా ఆపైన ఉన్నా అంతే. టర్నోవర్ 100 కోట్లు లేదా ఆపైన ఉన్నా అంతే. ఇండ్ ఏఎస్ (ఒక రకం అకౌంటింగ్ ప్రమాణాలు) కింద లెక్కలు వేయాల్సిన కంపెనీ అయినా అంతే. వీటిలో ఒక్కటి తగిలినా చాలు. బ్యాంకులు, ఇన్సూరెన్స్, ఎన్‌బీఎఫ్‌సీలు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి మినహాయింపు. మీది పెయిడప్ దగ్గర తగిలింది. టర్నోవర్ 40 కోట్లా 4 కోట్లా అన్నది ఇక లెక్కలోకి రాదు.

ఇంకొకటి, మీ ఓనర్ గారిని కూర్చోబెట్టి చెప్పండి. ఒకసారి ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో ఫైల్ చేసిన కంపెనీ, తర్వాతి ఏళ్ళలో ఆ పరిమితి కిందకి దిగినా అలాగే ఫైల్ చేస్తూ ఉండాలి. రూల్‌లోనే ఉంది. కాబట్టి ఈ ఒక్క ఏడాది ఖర్చు అనుకుని లెక్క వేయొద్దు.

రాయగడ_లెడ్జర్
ఈ రెండో ముక్క మాకెవరూ చెప్పలేదు. ఓనర్ గారి ప్లాన్ ఏమిటంటే, "ఈ ఏడాది ఎలాగో గట్టెక్కిద్దాం, తర్వాత చూద్దాం" అని.

కొండదారి_కోటి
"చిన్న కంపెనీ"లకి ఎక్స్‌బీఆర్‌ఎల్ లేదని విన్నానే? మీది చిన్న కంపెనీయే కదా.

పద్దుల_పంతులు
కోటి గారూ, చిన్న కంపెనీ అనే గుర్తింపు వేరు, దాని లాభాలు వేరు. ఎక్స్‌బీఆర్‌ఎల్ రూల్‌లో చిన్న కంపెనీకి విడిగా మినహాయింపు లేదు. 5 కోట్ల పెయిడప్ అంటే 5 కోట్ల పెయిడప్పే.

జయపురం_మిల్లర్
బయటకి ఇవ్వకు బాబూ. మాది రైసు మిల్లు, మాకు 2010-11 లెక్కల నుంచే, అంటే ఇది మొదలైన మొదటి ఏడాది నుంచే ఉంది. మొదట్లో బయటవాళ్ళకి ఇచ్చాం, ఇప్పుడు మా ఆఫీసులోనే చేసుకుంటున్నాం. సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొన్నాం. మొదటిసారి చుక్కలు కనిపించాయి, ఒప్పుకుంటా. ప్రతి పద్దుకీ ఎంసీఏ వాళ్ళ జాబితాలోంచి సరైన ట్యాగు వెతికి పెట్టాలి, ఆ జాబితా చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ రెండో ఏడాదికి పాత మ్యాపింగ్ అలాగే వచ్చేస్తుంది, కొత్త అంకెలు పోయడమే. నీ లెక్కలు నీకంటే బాగా ఎవడికి తెలుసు? నలభై కోట్ల టర్నోవర్ పుస్తకాలు రాసేవాడివి, ఇది రాదా.

బొబ్బిలి_బాబ్జీ
ఎంసీఏ సైట్‌లో ఫ్రీ టూల్ ఉంది కదా, దాంతో చేసేస్తే లైసెన్సు ఎందుకు, ఫర్మ్ ఎందుకు?

విశాఖ_ఫైలర్
ఆ టూల్ ఫైలు తయారు చెయ్యదు బాబ్జీ గారూ. తయారైన ఇన్‌స్టెన్స్ ఫైలుని (ట్యాగులు పెట్టిన ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫైలుని) వ్యాలిడేట్ చేస్తుంది, ప్రీ-స్క్రూటినీ (ఫైలింగ్‌కి ముందు పరీక్ష) చేస్తుంది, చదువుకోడానికి పీడీఎఫ్‌గా మార్చి ఇస్తుంది. అసలు ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మనమే కొనుక్కోవాలి.

గుణుపురం_గీత
జయపురం_మిల్లర్ గారిలా అనుభవం ఉన్నవాళ్ళు ఆఫీసులో ఉంటే సరే. లేనివాళ్ళు బయటకే ఇవ్వాలి. కానీ చవకని చూసి ఇవ్వొద్దు. మాది క్రషర్. మా దగ్గర ఏమైందో చెప్తా.

రెండేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో దొరికిన ఒక సంస్థకి ఇచ్చారు మా వాళ్ళు. మా ట్రయల్ బ్యాలెన్స్‌లో (అన్ని లెడ్జర్ల నిల్వల జాబితాలో) "లారీ హైర్" అని ఒక లెడ్జర్ ఉంటుంది, కంకర తోలే బయటి లారీలకి ఇచ్చే డబ్బు. ఏడాదికి 1.6 కోట్లు. వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి "రెంట్" ట్యాగు కింద పెట్టారు. వ్యాలిడేషన్ పాస్ అయింది, ఎందుకవదు, మొత్తం ఖర్చు కూడిక సరిగ్గానే ఉంది కదా. డ్రాఫ్టు పీడీఎఫ్ రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో పంపారు, పొద్దున్నే ఫైలింగ్, ఓకే చెప్పండి అని. మా డైరెక్టర్ గారు మొదటి పేజీలో లాభం చూసుకుని ఓకే అన్నారు.

తర్వాత రెన్యువల్ టైములో బ్యాంకు ఆఫీసరు ఎంసీఏ నుంచి ఆ ఫైలింగ్ దించుకుని ముందు పెట్టుకున్నాడు. "1.6 కోట్ల అద్దె ఏ బిల్డింగుకి కడుతున్నారు? 194-ఐ కింద టీడీఎస్ ఎక్కడ?" అని అడిగాడు, అద్దె చెల్లింపుల్లోంచి కోసి కట్టాల్సిన ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి. అసలు ఆ లారీల వాళ్ళంతా 10 బళ్ళు దాటనివాళ్ళు, పాన్‌తో డిక్లరేషన్ ఇచ్చినవాళ్ళు, రవాణా చెల్లింపులకి వర్తించే అప్పటి 194-సీలోనే వాళ్ళకి టీడీఎస్ లేదు. అది నిరూపించడానికి నేను బీరువా అంతా దింపి డిక్లరేషన్లు ఏరాల్సి వచ్చింది. కొన్ని వానకి తడిసి అంటుకుపోయి ఉన్నాయి, ఒక్కొక్కటీ విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాను. ఆ సంస్థకి ఫోన్ చేస్తే "మీరే అప్రూవ్ చేశారు కదా మేడమ్" అన్నారు.

రాయగడ_లెడ్జర్
మా ఖర్చుల్లో పెద్దది లారీ హైరే గీత గారూ. చదువుతుంటే చెమటలు పట్టాయి.

జయపురం_మిల్లర్
నేను చెప్పింది అదే. మన లారీ సంగతి హైదరాబాద్‌లో ఏసీ రూములో కూర్చున్నవాడికి ఏం తెలుసు.

విశాఖ_ఫైలర్
గీత గారి కేసులో తప్పు వాళ్ళదే, కాదనను. కానీ మా వైపు కూడా కాస్త వినండి. నేను ఇదే పని చేసే ఆఫీసులో ఉన్నాను (ఏ ఆఫీసో అడగొద్దు, లెడ్జర్ గారి కొటేషన్ మాది కాకపోవచ్చు, కావచ్చు).

అక్టోబరు వచ్చేసరికి క్లయింట్లు పంపేవి ఎలా ఉంటాయో తెలుసా. ఫోనుతో ఫొటో తీసిన బ్యాలెన్స్ షీటు, ఒక మూల బొటనవేలు. నోట్స్‌లో "అదర్ ఎక్స్‌పెన్సెస్" అని ఒకే అంకె. విడగొట్టి ఇవ్వండి అంటే "అంతా బ్యాలెన్స్ షీట్‌లో ఉంది కదా" అంటారు. ట్రయల్ బ్యాలెన్స్ అడిగితే అనుమానంగా చూస్తారు, మా లెక్కలన్నీ మీకెందుకని. ఎక్స్‌బీఆర్‌ఎల్‌కి బ్యాలెన్స్ షీట్‌లో లేనివి కూడా కావాలి. ఆడిటర్ ఫర్మ్ రిజిస్ట్రేషన్ నంబరు, ఆయన మెంబర్‌షిప్ నంబరు, పాన్, ఆయన నియామకానికి వేసిన ఏడీటీ-1 ఫారం ఎస్‌ఆర్‌ఎన్ (చలానా మీద ఉండే నంబరు), సంతకం పెట్టిన డైరెక్టర్ల డిన్‌లు (గుర్తింపు నంబర్లు), ఆడిట్ రిపోర్టు మీద సంతకం తేదీ, బోర్డు మీటింగు తేదీ. ఆ ఏడీటీ-1 ఎస్‌ఆర్‌ఎన్ ఒక్కదాని కోసం కొందరి దగ్గర రోజులు పడుతుంది. చలానా ఎక్కడో ఫైల్లో ఉంటుంది, ఆ ఫైలు పాత అకౌంటెంట్ దగ్గర ఉంటుంది, ఆయన రాజమండ్రిలో ఉంటాడు.

7,500కీ 18,000కీ తేడా ఇక్కడే. 7,500కి చేసేవాళ్ళు మీరిచ్చింది చూసి కొట్టేస్తారు. కాస్త ఎక్కువ తీసుకునేవాళ్ళు ముందు ప్రశ్నల షీటు పంపుతారు, ఈ "లారీ హైర్" అంటే ఏమిటండీ అని అడుగుతారు.

జయపురం_మిల్లర్
ప్రశ్న అడగడానికి పదివేలా! మా ఆవిడ ఫ్రీగా అడుగుతుంది.

విశాఖ_ఫైలర్
అడగనందుకు గీత గారికి ఎంతయిందో అడగండి సార్.

గుణుపురం_గీత
లిమిట్ రెన్యువల్ ఆగిన నాళ్ళూ డీజిల్ బంకువాడు అప్పివ్వడం మానేశాడు. అది ఏ కొటేషన్‌లోనూ రాయరు.

పద్దుల_పంతులు
ఒక మాట. విశాఖ_ఫైలర్ చెప్పినదాంట్లో సగం నిజమే గానీ, ధర ఎక్కువైతే ప్రశ్నలు అడుగుతారన్న గ్యారంటీ ఏమీ లేదు. ధర పెంచి అదే పని కింద ఇంకొకళ్ళకి 4,000కి ఇచ్చేసే ఫర్ములు నాకు తెలుసు. చేసేది మీ ఆఫీసులోనా, కింద ఎవరికైనా ఇస్తారా అని ముందే అడగాలి.

ఇంకో ప్రమాదం స్కేలు. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం ఇప్పుడు అంకెలు రౌండ్ చెయ్యడం తప్పనిసరి. 100 కోట్ల లోపు ఆదాయం ఉన్న కంపెనీ వందల్లో, వేలల్లో, లక్షల్లో, మిలియన్లలో చూపించుకోవచ్చు. మీ ఆడిటర్ వేలల్లో ఇచ్చారనుకోండి, టైపు చేసే కుర్రాడు సాఫ్ట్‌వేర్‌లో లక్షలు అని పెట్టుకున్నాడు. అన్నీ ఒకే లెక్కన వంద రెట్లయినప్పుడు కూడికలు చక్కగా కలుస్తాయి. టూల్ "సక్సెస్" అంటుంది. మీ 40 కోట్ల కంపెనీ ఎంసీఏ రికార్డుల్లో 4,000 కోట్ల కంపెనీ అయి కూర్చుంటుంది. టూల్ కూడికలు చూస్తుంది, నిజం చూడదు.

బొబ్బిలి_బాబ్జీ
4,000 కోట్లా! అప్పుడు లిమిట్ ఇంకా పెంచమని అడగొచ్చుగా.

కొండదారి_కోటి
నా భయం వేరు. మా దగ్గర ఏ ఫైలింగ్ బయటకి ఇచ్చినా, వాళ్ళు మొదట అడిగేది డైరెక్టర్ గారి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే యూఎస్‌బీ). కోరాపుట్ నుంచి విశాఖకి టోకెన్లు కొరియర్లో వెళ్తున్నాయి. మా చైర్మన్ గారి టోకెన్ మీద తెల్ల స్టిక్కరు అంటించి పాస్‌వర్డ్ రాసి ఉంటుంది, నల్ల స్కెచ్ పెన్నుతో. ఎక్కడికి వెళ్ళినా స్టిక్కరుతోనే వెళ్తుంది. ఆ టోకెన్‌తో ఏ ఫారం మీదైనా సంతకం అయిపోతుంది కదా?

పద్దుల_పంతులు
అవుతుంది. అది ఆయన సంతకమే, తర్వాత నేను పెట్టలేదు అంటే కుదరదు. ఐటీ చట్టం 2000లో 42వ సెక్షన్, ప్రైవేట్ కీ ఇంకొకరి చేతికి పోకుండా చూసుకోవాల్సిన బాధ్యత సర్టిఫికెట్ ఉన్నవాళ్ళదే అంటుంది. టోకెన్ పంపాల్సిన అవసరం కూడా లేదు. 2025 జులై 14 నుంచి ఏఓసీ-4 ఎక్స్‌బీఆర్‌ఎల్ కూడా ఎంసీఏ కొత్త వీ3 పోర్టల్‌కి వచ్చేసింది. వెబ్ ఫారం వాళ్ళు నింపుతారు, పీడీఎఫ్ దించి మీకు పంపుతారు, మీ దగ్గరే టోకెన్ పెట్టి సంతకం చేసి తిరిగి పంపుతారు, అంతే. "టోకెన్ పంపితేనే చేస్తాం" అనే ఫర్మ్‌కి ఇవ్వకపోవడమే మంచిది.

విశాఖ_ఫైలర్
దీంట్లో పంతులు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. టోకెన్లు మా దగ్గర డ్రాయర్‌లో పెట్టుకోవడం మాకూ టెన్షనే. ఎవరిది ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో కూడా మేమే చూడాలి.

సెమిలిగూడ_శీను
లెడ్జర్ గారూ, ఒక డౌటు. అప్పుని షేర్లు చేసినప్పుడు 10 రూపాయల షేరు 10కే ఇచ్చారా?

రాయగడ_లెడ్జర్
అవును. ముఖ విలువకే. 2 కోట్లకి 20 లక్షల షేర్లు.

సెమిలిగూడ_శీను
అయ్యో. ముఖ విలువ మీద ఇంకో 10 ప్రీమియంతో ఇచ్చుంటే 10 లక్షల షేర్లే కదా. పెయిడప్ 1 కోటే పెరిగేది, మిగతా కోటి సెక్యూరిటీస్ ప్రీమియంలోకి పోయేది. 4.5 దగ్గర ఆగిపోయేవాళ్ళు. బ్యాంకుకి నెట్‌వర్తు ఎలాగూ అంతే కనిపిస్తుంది.

పద్దుల_పంతులు
శీను చెప్పిన లెక్క సరైనదే. పెయిడప్‌లోకి ప్రీమియం రాదు. కాకపోతే ఆ ధర ఊరికే రాసుకోకూడదు, రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు కావాలి, కంపెనీ విలువ అంత ఉండాలి. ఇప్పుడు వెనక్కి తిప్పాలంటే క్యాపిటల్ తగ్గింపు, కంపెనీల చట్టం 66వ సెక్షన్, ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్). 18,000 తప్పించుకోడానికి ఎవరూ ఆ దారి పట్టరు. షేర్లు ఇచ్చే ముందు ఎవరైనా ఒక కాగితం మీద ఈ లెక్క వేసి ఉండాల్సింది.

రాయగడ_లెడ్జర్
ఈ పోస్టు మాత్రం ఓనర్ గారికి చూపించను. చూపిస్తే దసరా బోనస్ పోతుంది.

తెరుబలి_రైలు
పక్క విషయం. కాస్ట్ ఆడిట్ (ఉత్పత్తి ఖర్చుల ఆడిట్) ఉన్న కంపెనీలకి ఆ రిపోర్టు వేసే సీఆర్‌ఏ-4 ఫారం కూడా ఎక్స్‌బీఆర్‌ఎల్‌లోనే వెయ్యాలి, దాని టాక్సానమీ (ట్యాగుల జాబితా) వేరు. మా ఫ్యాక్టరీలో రెండూ ఉన్నాయి. రెండూ ఒకే ఫర్మ్‌కి ఇస్తే రేటు కాస్త తగ్గించారు. లెడ్జర్ గారి రవాణా వ్యాపారానికి అది రాదనుకోండి, చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని.

జయపురం_మిల్లర్
నా మాట మీద ఎవరూ జవాబు చెప్పలేదు. ప్రతి ఏడాదీ ఎలాగూ తప్పదని పంతులే అన్నాడు కదా. అలాంటప్పుడు ఏటా బయటవాడికి కట్టేకంటే ఒకసారి నేర్చుకుంటే పోదా?

గుణుపురం_గీత
మీ దగ్గర అది నేర్చుకున్న మనిషి మానేస్తే?

జయపురం_మిల్లర్
మా పెద్దల్లుడమ్మా, ఎక్కడికి పోతాడు.

బొబ్బిలి_బాబ్జీ
లెడ్జర్ గారూ, ఓనర్ గారికి పెళ్ళీడు అమ్మాయి ఉందా? సమస్య పరిష్కారం అవుతుంది.

రాయగడ_లెడ్జర్
నాకు ఇద్దరు పిల్లలు బాబ్జీ గారూ. దయచేసి.

పద్దుల_పంతులు
మిల్లర్ గారి ప్రశ్న న్యాయమైనదే, జవాబిస్తాను. ఏడాదికి ఒక్కసారి చేసే పని ఇది. పోయిన అక్టోబరులో నేర్చుకున్నది వచ్చే అక్టోబరుకి సగం మరచిపోతాం. ఈలోగా టాక్సానమీ మారుతుంది, టూల్ కొత్త వెర్షన్ వస్తుంది, పాత మ్యాపింగ్‌లో కొన్ని ట్యాగులు పట్టవు. ఒకే కంపెనీ ఉన్నవాళ్ళకి, పైగా లైసెన్సు ధర ఫర్మ్ ఫీజుకి దగ్గరగా ఉన్నప్పుడు, సొంతంగా చేసుకోవడంలో డబ్బు మిగలదు. గ్రూపులో నాలుగైదు కంపెనీలు ఉంటే నేనూ మిల్లర్ గారి వైపే. ఆయనకి మిల్లు ఒకటే అయినా ఇన్నేళ్ళుగా ఒకే మనిషి చూస్తున్నాడు కాబట్టి నడుస్తోంది.

లెడ్జర్ గారి పరిస్థితి వేరు. నెలాఖరుకి ఏజీఎం అన్నారు, అక్కణ్ణించి 30 రోజుల్లో ఫైలింగ్. మధ్యలో దసరా, జీఎస్టీ రిటర్న్‌లు ఉన్నాయి. ఆలస్యమైతే రోజుకి 100 అదనపు ఫీజు, దానికి పైపరిమితి లేదు. అది కాక 137వ సెక్షన్ పెనాల్టీ, కంపెనీకి 10,000, ఆపైన రోజుకి 100 చొప్పున 2 లక్షల వరకు. ఎండీ, సీఎఫ్‌ఓలకి విడిగా 10,000 నుంచి 50,000 వరకు. మొదటి ఏడాది ప్రయోగాలు చేసే టైము కాదిది.

కొండదారి_కోటి
ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) నుంచి నోటీసు వస్తే ఎవరు చూసుకుంటారు, ఫర్మా మనమా?

తెరుబలి_రైలు
కవరు వచ్చేది రాయగడ రిజిస్టర్డ్ ఆఫీసుకి, డైరెక్టర్ పేరు మీద. ఫర్మ్‌కి కాదు. హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి భువనేశ్వర్ దిగి కటక్‌లో ఆర్‌ఓసీ ఆఫీసుకి పోయేది మీరే.

పార్వతీపురం_పాప
అందరూ విశాఖ, హైదరాబాద్ అంటున్నారు. నేను సీఎస్ (కంపెనీ సెక్రటరీ) ఇంటర్ చేసి ఇంటి నుంచి ఇదే పని చేస్తున్నాను, ఒక ప్రాక్టీసింగ్ సీఎస్ గారి కింద. సర్టిఫికేషన్ ఆయనే చేస్తారు. నేనైతే మొదటి ఏడాది క్లయింటు ఆఫీసుకి వెళ్ళి ఒక పూట కూర్చుంటాను, ట్యాలీ తెరిచి పెట్టుకుని. "లారీ హైర్" మీద నొక్కితే లోపల ఓచర్లు కనిపిస్తాయి, అది అద్దెనా రవాణానా అని ఇంకెవర్నీ అడగక్కర్లేదు. రాయగడ మాకు ట్రైన్లో దగ్గరే. నన్నే పిలవమని కాదు, దగ్గర్లో ఇలాంటివాళ్ళు ఉన్నారేమో చూడండి అని.

విశాఖ_ఫైలర్
పాప గారి పద్ధతి మంచిదే. మాకు ఒక్కో కంపెనీకి ఒక పూట అంటే అక్టోబరు సరిపోదు. ఒక్కరే చేసేచోట ఇంకో రిస్కు ఉంది. ఆ ఒక్కరికి జ్వరం వస్తే?

పార్వతీపురం_పాప
వచ్చింది కూడా సార్, పోయిన ఏడాది. డెంగ్యూ. సీఎస్ గారు ఇంకొకరిని పెట్టారు. ఫైళ్ళన్నీ ఆయన కంప్యూటర్లోనే ఉంటాయి కాబట్టి ఆగలేదు. మీరన్నది నిజమే, ఒక్కళ్ళే అయితే అది అడిగి తెలుసుకోవాలి.

సెమిలిగూడ_శీను
ఏఐకి బ్యాలెన్స్ షీటు ఇచ్చి ట్యాగులు పెట్టమంటే పెట్టేయదా?

గుణుపురం_గీత
పెట్టేస్తుంది. లారీని మళ్ళీ అద్దెకే పెడుతుంది. లెడ్జర్ పేరు చూసి పెట్టేది ఎవరైనా అంతే, మనిషైనా మెషీనైనా.

లెడ్జర్ గారూ, మా దగ్గర ఆ గొడవ తర్వాత నేను చేసేది చెప్తాను, పనికొస్తే వాడుకోండి. బయటకే ఇస్తున్నాం, కానీ పంపేముందు ట్రయల్ బ్యాలెన్స్ ఎక్సెల్‌లో పెట్టి పక్కన ఒక కాలమ్ నేనే రాస్తాను. లారీ హైర్: బయటి లారీల రవాణా, అద్దె కాదు. మామూళ్ళు: సైటు దగ్గర టీ, టిఫిన్లు. రాయల్టీ: మైనింగ్ శాఖకి కట్టింది. ఇలా ప్రతి లెడ్జర్‌కీ ఒక్క లైను. ఆ షీటు ఉంటే ట్యాగు పెట్టేవాళ్ళకి ఊహించే పని ఉండదు. డ్రాఫ్టు వచ్చాక టూల్ ఇచ్చిన పీడీఎఫ్‌ని, ఆడిటర్ సంతకం పెట్టిన కాపీని పక్కపక్కన పెట్టి పెన్సిల్‌తో టిక్కు పెడతాను. ఇప్పుడు సంతకాలున్న ఫైనాన్షియల్స్ పీడీఎఫ్ కూడా ఫారానికి జోడించాలి కదా, రెండిట్లో తేడా ఉంటే ఎవరికైనా ఇట్టే దొరుకుతుంది. లాభం, క్యాపిటల్ ఎవరైనా చూస్తారు. నేను ముందు చూసేది అదర్ ఎక్స్‌పెన్సెస్, రిలేటెడ్ పార్టీలు, పోయిన ఏడాది కాలమ్. పోయిన ఏడాది అంకెల్లో తప్పులు ఎక్కువ దొరుకుతాయి, ఎందుకంటే అవి ఎవరూ చూడరు.

పద్దుల_పంతులు
గీత గారు నా ఆఫీసులో చేరతారా.

గుణుపురం_గీత
బరంపురం ఎండ నావల్ల కాదు సార్.

జయపురం_మిల్లర్
గీతమ్మ చెప్పింది చూస్తే పనంతా మనమే చేసి, డబ్బు బయటవాడికి ఇచ్చినట్టుంది.

గుణుపురం_గీత
తెలుసుకోవాల్సిన పని మనది, కొట్టాల్సిన పని వాళ్ళది. కొట్టే పనికి రాత్రిళ్ళు మేలుకోవాలి మిల్లర్ గారూ, నాకు పొద్దున్నే క్రషర్ దగ్గర వేబ్రిడ్జి స్లిప్పులు చూడాలి.

రాయగడ_లెడ్జర్
నాలుగు రోజులుగా మెసేజ్ పెట్టలేదు, ఓనర్ గారితో పంచాయితీ. చివరికి బయటకి ఇస్తున్నాం. ఏ ఫర్మో చెప్పను, విశాఖే. 18,000 అన్నది 16,000కి ఒప్పుకున్నారు, సర్టిఫికేషన్‌తో కలిపి. ఇక్కడ మీరు చెప్పినవి షరతులుగా మెయిల్లో రాయించుకున్నాను. ట్యాగింగ్ మొదలుపెట్టే ముందు ప్రశ్నల షీటు వాళ్ళు పంపాలి. పని కింద వేరేవాళ్ళకి ఇవ్వకూడదు. డ్రాఫ్టు గడువుకి వారం ముందే మాకు రావాలి, రాత్రి పదకొండుకి కాదు. మ్యాపింగ్ ఎక్సెల్, ఇన్‌స్టెన్స్ ఫైలు మాకే ఇచ్చెయ్యాలి, వచ్చే ఏడాది వేరేచోట చేయించుకున్నా పనికొచ్చేలా. టోకెన్ మా బీరువాలోంచి కదలదు. లేటు ఫీజు వాళ్ళ వల్ల పడితే వాళ్ళదే, మేము కాగితాలు లేటు చేస్తే మాది. ఈ చివరిదానికి కాసేపు నసిగారు, తర్వాత సరేనన్నారు.

ఓనర్ గారు ఒప్పుకున్నది వీటిలో దేనికీ కాదు. 4,000 కోట్ల కంపెనీ అయి కూర్చుంటామన్న ముక్క చదివి వినిపించాను. "అయ్యబాబోయ్, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు వచ్చేస్తారు, ఇచ్చెయ్యి" అన్నారు.

ఏడీటీ-1 చలానా దొరికింది. పాత అకౌంటెంట్ రాజమండ్రిలో లేడు, ఇక్కడే బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు.

విశాఖ_ఫైలర్
ఆ షరతులు చూస్తే మీ ఫైలు ఎవరి టేబుల్ మీదకి వస్తుందో నాకు అర్థమైపోయింది. సరే, ప్రశ్నల షీటు సోమవారం పంపిస్తారు. వాళ్ళు.

బొబ్బిలి_బాబ్జీ
వాళ్ళు 😄

జయపురం_మిల్లర్
వచ్చే ఏడాదైనా నేర్చుకో బాబూ. జయపురం వస్తే మా అల్లుడు చూపిస్తాడు, భోజనం మా ఇంట్లో.

రాయగడ_లెడ్జర్
తప్పకుండా వస్తాను సార్. ఈ ఏడాది మ్యాపింగ్ చేతికొస్తే అది పట్టుకునే వస్తా.

కొండదారి_కోటి
గీత గారూ, మీ ఎక్సెల్ షీటు అంకెలు తీసేసి ఇక్కడ పెట్టగలరా? మాది కూడా వచ్చే మార్చికి 5 కోట్లు దాటేలా ఉంది. బ్యాంకువాళ్ళు ఇదే పాట పాడుతున్నారు, అప్పుని క్యాపిటల్ చెయ్యమని.

గుణుపురం_గీత
ఆదివారం పెడతాను. లెడ్జర్ పేర్లు మాత్రం మా క్రషర్‌వే ఉంటాయి, మీవి మార్చుకోండి.

సెమిలిగూడ_శీను
కోటి అన్నా, షీటు తర్వాత. షేర్లు ఇంకా ఇవ్వలేదు కదా? ముందు ఒక వాల్యుయర్‌ని కలువు.